ఫ్లెక్సీ మోసిన ల్యాప్‌టాప్‌లు

శనివారం పొద్దున వాణి టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పోర్టు కంపెనీ అధికారి నరేంద్రబాబు వస్తాడు, కంపెనీ ఇచ్చిన చవక ల్యాప్‌టాప్‌లతో పిల్లలు లెక్కలు చేయడం చూస్తాడు, వెళ్లిపోతాడు. ఆ తరువాత ఆమె నెల్లూరు బస్సెక్కి, ఇంటికి పోయి, సోమవారం దాకా పడుకుంటుంది. ల్యాప్‌టాప్‌లు నడవకపోతే మాత్రం వాటిని కావలి బడికి తరలిస్తామని కంపెనీ ముందే చెప్పింది.

లెక్కల టీచరుకు కంప్యూటర్ల గొడవ ఎందుకంటే, ఒకప్పుడు హెడ్‌మాస్టర్ పద్మనాభయ్య ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టింది. ఆ పాపం ఇంకా వదల్లేదు. ల్యాప్‌టాప్‌లతో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలోపు పీరియడ్ అయిపోయేది. వారమంతా కూర్చుని, ఇంటర్నెట్ అడగనిది, హంగులు లేనిది, ఆ బక్క మెషిన్లు మోయగలిగినది వెతికి ఎక్కించింది. ఇప్పుడు బటన్ నొక్కితే చాలు, బూడిదరంగు తెర, దాని మీద భిన్నాల పాఠం. భిన్నాలంటే ఏడ్చే ఆరో తరగతి పిల్లలు గంట కొట్టినా కదలడం లేదు. అది చూసి వాణి కళ్లు చెమర్చాయి. నిద్ర చాలక కూడా కావచ్చు.

పద్మనాభయ్య తెర చూసి ముఖం చిట్లించాడు.

"ఏందమ్మా ఇది, ఇంత బోసిగా ఉండాది? పెద్దమనిషి వస్తా ఉంటే ఆయన ఫొటో అన్నా ఉండొద్దా?"

"ఫొటోలు పెడితే ఆగిపోతాయి సార్. ఇవి అసలే చిన్న మెషిన్లు."

"ఒక్క ఫొటోకేనా!"

ముత్తుకూరులో ఫ్లెక్సీలు వేసే ఖాదర్ మొహిద్దీన్‌కు ఆయన ఫోన్ చేశాడు. గేటుకు కట్టిన స్వాగత ఫ్లెక్సీ బొమ్మ, గోడంతది, ఉన్నదున్నట్టు ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. వాణి దాన్ని చిన్నది చేయబోతే, "మొహాలు చిన్నవైపోతాయి, వద్దు" అన్నాడు పద్మనాభయ్య.

అంతలో తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ మాలకొండమ్మ వచ్చింది. "నేనేడ సార్? గేటు కాడా లేను, ఈడా లేను!"

ఖాదర్ ఆమెను చేర్చి పంపాడు. ఆమె ఉండి సర్పంచ్ లేకపోతే ఊళ్లో తిరగలేమని సర్పంచ్‌నూ చేర్చాడు. సర్పంచ్ వెంట ఆయన బావమరిది వచ్చాడు. కొత్తవాళ్లకు చోటు కోసం ముఖ్య అతిథి కిందికి జరిగాడు. ప్రతిసారీ వాణి ఆ బొమ్మను ల్యాప్‌టాప్‌లన్నింటిలోనూ మళ్లీ ఎక్కించింది. వద్దని చెప్పే ఓపిక ఆమెకు మాలకొండమ్మ దగ్గరే అయిపోయింది.

నరేంద్రబాబు వచ్చాడు. కొబ్బరికాయ కొట్టి బటన్లు నొక్కారు. బొమ్మ పైనుంచి మెల్లగా దిగుతూ దిగుతూ సగంలో ఆగిపోయింది. పై వరుసలో అందరూ చేతులు జోడించి నవ్వుతున్నారు. ముఖ్య అతిథి నుదుటి దాకానే వచ్చాడు.

"నా మొహం ఏదండీ?"

"వస్తా ఉండాది సార్" అన్నాడు పద్మనాభయ్య.

రాలేదు. ఏ బటన్ నొక్కినా ఏదీ కదల్లేదు.

"ఇవి నడిచేట్టు లేవు. వ్యాను పిలిపించండి, కావలికి పంపించేద్దాం" అన్నాడు నరేంద్రబాబు.

పిల్లలు బిక్కమొహాలు వేశారు. వాణికి అలసట పోయి ఒళ్లు మండింది. దగ్గరున్న ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ వేసి, ఫ్లెక్సీ మొత్తం పీకేసింది. బూడిదరంగు తెర వచ్చింది, భిన్నాలు వచ్చాయి. పిల్లలు దాని మీద ఎగబడ్డారు.

నరేంద్రబాబు వంగి చూశాడు. "దీంట్లో సర్పంచ్ లేడే?"

"లేడు సార్."

"హెడ్‌మాస్టరు?"

"ఎవరూ లేరు సార్. లెక్కలే."

ఆయన మొహం విచ్చుకుంది. "ఇదీ న్యాయమంటే! అన్నీ ఇట్నే చేయండి. ఈ బడిలోనే ఉంచండి."

వాణి గోడకు చేరగిలబడింది. బస్సుకు ఇంకా టైముంది.

గుమ్మం దాకా పోయిన నరేంద్రబాబు వెనక్కి తిరిగాడు. "మేము ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన అన్ని బళ్లలో ఈ లెక్కలు ఈ మేడమే పెట్టాల. మొదట సూళ్లూరుపేట. రేపు పొద్దున్నే బండి పంపిస్తా."

రేపు ఆదివారమని చెప్పడానికి వాణి నోరు తెరిచేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు.