చిన్నల్లుడి గ్రహం

ఆ ఆదివారం పొద్దున చిన్నల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే: లెక్క ఇంకోసారి సరిచూసుకోవడం. అతను వేధశాలలో చుక్కలు చూసే ఉద్యోగి. మన సూర్యుడిలాంటి ఓ దూరపు నక్షత్రం అటూ ఇటూ ఊగుతోందని అతని లెక్కలో తేలింది. పెద్ద గ్రహమేదో చుట్టూ తిరుగుతూ లాగితే తప్ప నక్షత్రం అలా ఊగదు. గ్రహం కంటికి కనిపించదు. నడక తడబడితే తాగాడని పోల్చుకున్నట్టు, ఊగడం చూసి పోల్చుకోవాలి.

సరిచూశాకే నోరు విప్పాలనుకున్నాడు. కానీ టిఫిను బల్ల దగ్గర మామగారు పెద్దల్లుడి కొత్త లేఅవుటు గురించి మళ్లీ మొదలుపెట్టారు. పెద్దల్లుడిది స్థలాల వ్యాపారం. ఏ చుట్టమొచ్చినా మామగారు ముందు అతన్నే పరిచయం చేస్తారు. "ఈయన కూడా మా అల్లుడే" అన్నది చిన్నల్లుడి వాటా.

"మరి మీ ఆఫీసులో విశేషాలేమన్నా?" అన్నారు మామగారు, మర్యాద కోసం.

"ఓ గ్రహం దొరికింది మామయ్యగారూ," అనేశాడు చిన్నల్లుడు. "చాలా పెద్దది."

మామగారి చెంచా గాల్లో ఆగింది. "లేఅవుటు కంటేనా?"

ఎవరికీ చెప్పొద్దని అతను బతిమాలాడు. ఆ 'ఎవరికీ చెప్పొద్దు'తో సహా అత్తగారు కబురును అపార్టుమెంటులో అన్ని అంతస్తులకీ చేరవేశారు. మధ్యాహ్నానికి కింది హాల్లో కుర్చీలు పడ్డాయి. ఆ పైన బ్యానరు వచ్చింది. దానిమీద చిన్నల్లుడి పెళ్లినాటి ఫోటో, పక్కన వలయాలతో ఓ గ్రహం. వలయాలున్నాయో లేవో తెలీదని చెప్పబోతే, బ్యానరువాడు వాటిని ఉచితంగా వేశాడన్నారు. చాలదన్నట్టు మామగారు ఫోన్ చేసి వేధశాల పెద్దాయన్ని కూడా పిలిచేశారు. చిన్నల్లుడు లెక్క ముందేసుకుని కూర్చోబోతే, భార్య ఇస్త్రీ చొక్కా పట్టుకుని నిలబడింది.

సభలో మామగారు పెద్దల్లుణ్ణి చూపించి, "ఈయన కూడా మా అల్లుడే" అన్నారు. చిన్నల్లుడి కళ్లు చెమ్మగిల్లాయి.

అల్లుడు బాగా మాట్లాడాలని అత్తగారు ముందు వరసలోంచి తేలికపాటి ప్రశ్న అందించారు. "బాబూ, అక్కడ ఏడాదంటే ఎన్నాళ్లు?"

"అదే విచిత్రం అత్తయ్యగారూ. సరిగ్గా మన ఏడాదే. ఒక్కరోజు తేడా లేదు."

హాలంతా చప్పట్లు. పెద్దాయన మాత్రం కాఫీ కప్పు కింద పెట్టారు.

"మనం కూర్చున్న భూమి కూడా ఏడాదికోసారి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటుంది కదయ్యా. ఆ కదలిక లెక్కలోంచి పూర్తిగా తీసేశావా?" మెల్లిగానే అడిగారు. మైకు పక్కనే ఉంది.

చిన్నల్లుడికి అప్పుడు వెలిగింది. రైల్లో కూర్చుని చెట్లు పరిగెడుతున్నాయనుకునే పసివాడికీ తనకీ తేడా లేదు. ఊగింది నక్షత్రం కాదు.

"అంటే ఏంటి?" అన్నారు మామగారు.

"నాకు దొరికింది మనదే మామయ్యగారూ. భూమి."

మామగారు బ్యానరు వంక చూసి, చూపు తిప్పుకున్నారు. "పోనీలెండి, ఉన్నదే కదా దొరికింది," అని అత్తగారు సర్దబోయారు. అది ఇంకా లోతుగా దిగింది.

పెద్దల్లుడు ఆప్యాయంగా వచ్చి భుజమ్మీద చెయ్యేశాడు. "బాధపడకు తమ్ముడూ. మంచి గ్రహమే. నేను ప్లాట్లమ్మేది దానిమీదే."

అంత పెద్ద గ్రహాన్ని కనిపెట్టిన చిన్నల్లుడికి, దానిమీద తల ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.