తేలిపోయిన నూనె కేసు

మా వీధిలో ద్వేషమన్నది లేదని ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమైనది. ఉన్నదంతా స్నేహమే. సంస్కృతంలో స్నేహమంటే నూనె అని కూడా అర్థముంది. మెకానిక్ షెడ్డు కుర్రాళ్ళు సంస్కృతం చదవకపోయినా రెండర్థాలూ కలిపేసి, మొన్న బుజ్జి నెత్తిన బండిలోంచి తీసిన వేడి నూనె పోశారు.

బుజ్జికి ముప్పై దాటాయి. వయసు ఎదిగినా బుద్ధి ఎదగలేదని వీధి తీర్పు. మిగతావాళ్ళం బుద్ధిమంతులం గనక చుట్టూ నిలబడి వీడియో తీశాం. మెడ కాలి అతను గెంతుతుంటే "డాన్సు ఇరగదీస్తున్నాడ్రా!" అని మెచ్చుకున్నాం. కళాపోషణ అంటే మాదే.

బట్టలు కుట్టుకునే అతని అక్కకి కళాహృదయం తక్కువ. తమ్ముడి చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది.

"అమాయకుడనే కదండీ వీణ్ణే పట్టుకున్నారు? కేసు రాయండి సార్. ఇవాళ నూనె పోసినవాళ్ళు రేపు నిప్పంటించరా?"

ఇన్‌స్పెక్టరుగారు పద్ధతిగల మనిషి. నేరుగా బుజ్జినే విచారించారు.

"ఎవర్రా పోసింది?"

"మా ఫ్రెండ్స్."

"ఫ్రెండ్సా?"

"ఆఁ. నన్ను హీరో అంటారు. రోజూ బండ్లు కడగనిస్తారు."

"మంట పుట్టిందా మరి?"

"పుట్టింది. ఏడిస్తే మళ్ళీ రానివ్వం అన్నారు. నేను ఏడవలేదు సార్!"

ఇన్‌స్పెక్టరుగారు గొంతు సవరించుకుని ఉపన్యసించారు. "చూడమ్మా, ద్వేషంతో చేసిన నేరం అనాలంటే ముందు ద్వేషం ఉండాలి. మీవాడే ఫ్రెండ్స్ అంటున్నాడు. ఇలాంటివాళ్ళ మాటకి విలువివ్వాలని మాకు మొన్ననే ట్రైనింగ్ కూడా అయింది."

"అయితే నూనె పోశారన్న మాటకీ విలువివ్వండి సార్."

"అదెలా కుదురుతుందమ్మా? బుద్ధి ఎదగనివాడి సాక్ష్యం కోర్టులో నిలబడదు!"

ఆ విధంగా ఒకే నోటినుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి చెల్లింది, రెండోది చెల్లలేదు. నూనె కేసు కదా, తేలిపోయింది. కుర్రాళ్ళు వచ్చి బుజ్జి మెడమీద చెయ్యేసి ఫొటో దిగారు. కాలినచోటే వేశారు. అంత గాఢమైన స్నేహం.

అయినా నేరమంటూ జరిగాక ఎవరో ఒకర్ని లోపల వెయ్యకుండా ఏ సమాజమూ ఊరుకోదు. మర్నాటినుంచి అక్క పనికి వెళ్తూ బుజ్జిని గదిలో పెట్టి బయట తాళం వేస్తోంది. అతను కిటికీ ఊచలు పట్టుకుని "మా ఫ్రెండ్స్ కనబడ్డారా?" అని వచ్చేపోయేవాళ్ళని అడుగుతుంటాడు. శిక్ష ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. విడుదల మాత్రం మన సత్‌ప్రవర్తన మీద ఆధారపడి ఉంది గనక, యావజ్జీవమనే అనుకోవచ్చు.