వంతెన గట్టిగానే ఉంది!

నాయకులు నిజమే చెప్పాలని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నిజంతో ఏం చేసుకుంటారండీ?

కౌన్సిలర్ గారు మైకు ముందు నిలబడి, రోడ్డు వేయలేదు, వేసే ఉద్దేశమూ లేదు అన్నారనుకోండి. పొద్దున్నే పేపర్లో అది చదివాక కాఫీ గొంతు దిగుతుందా? అదే "పనులు శరవేగంగా సాగుతున్నాయి" అంటే ఎంత హాయి! గుంతలో పడ్డా, ఇవాళో రేపో పూడ్చేస్తారులే అని నవ్వుకుంటూ లేస్తాం.

అసలు మనం మాత్రం నిజాల మీదే బతుకుతున్నామా? టైలరు గుండీలు కుట్టడమే మిగిలిందంటాడు. గుడ్డ ఇంకా కత్తెర మొహం చూసి ఉండదు. ప్లంబరు దారిలో ఉన్నానంటాడు. ఇంకా మంచం దిగలేదా అని వాళ్లావిడ కేకలేయడం ఫోనులో మనకు వినిపిస్తూనే ఉంటుంది. నేనూ ఎడిటర్ గారికి వ్యాసం అయిపోయింది, తప్పులు దిద్దుతున్నానని చెప్పాకే దీని మొదటి వాక్యం రాశాను. ఇంతమందిని వదిలేసి ఒక్క నాయకుడి మీద పడతారేం?

అందుకే వంతెన విషయంలో నేను కౌన్సిలర్ గారి పక్షం. మా వీధి చివర కాలువ మీద పాత వంతెన ఒకటుంది. బస్సు దాని మీదికి ఎక్కితే కిటికీ అద్దాలతో పాటు మన పళ్లూ టకటకలాడతాయి. జనం భయపడుతున్నారని తెలిసి, ఆయన మీటింగు పెట్టి మరీ, ఇంజినీర్లు పరీక్షించారనీ వంతెన గట్టిగానే ఉందనీ అభయమిచ్చారు. వంతెన సంగతేమో గానీ మా గుండెలు గట్టిపడ్డాయి. ఇంత చవగ్గా రిపేరు చేసేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?

చిక్కంతా మా బావతోనే వచ్చింది. బావ కౌన్సిలర్ గారి కారు డ్రైవరు. అక్క నర్సు, రోజూ బస్సులో ఆ వంతెన దాటే డ్యూటీకి వెళుతుంది. ఉన్నట్టుండి బావ, బస్సు మానేసి చుట్టుదారిన ఆటోలో వెళ్లమని అక్క ప్రాణం తీయడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే నీళ్లు నమిలాడు. అక్క ఊరుకునే రకమా? నిలదీసేసరికి నా ముందే కక్కేశాడు.

"వంతెన వైపు పోనివ్వకు, చుట్టూ తిరిగి పోదాం అన్నారే సారు. అప్పట్నుంచీ చుట్టుదారే. ఇది బయటికి పొక్కిందంటే నా ఉద్యోగం ఊడుతుంది."

చూశారా! ఆయన నిజం చెప్పరని ఎవరన్నారు? డ్రైవరుకు చెప్పారుగా!

అక్కకు మాత్రం ముద్ద దిగలేదు. తనంటే ఆటో ఎక్కుతుంది. మరి రోజూ తన పక్కన కూర్చుని కబుర్లు చెప్పే బస్సులోవాళ్లు? వాళ్లకు చెబితే మొగుడి ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే వాళ్ల ప్రాణాలే పోవచ్చు. ఆమెను అంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే కౌన్సిలర్ గారు మళ్లీ మా వీధికి వచ్చి, వంతెనను తనివితీరా పొగిడి కారెక్కబోయారు. అక్క యూనిఫారంతోనే ఎదురువెళ్లింది.

"డ్యూటీకి ఆలస్యమైంది సార్. వంతెన దాటగానే మా ఆసుపత్రి. మీ ఇల్లూ అటేగా, కాస్త దింపేద్దురూ."

చుట్టూ జనం. కాదంటే బాగుండదు. ఎక్కమ్మా అన్నారు. బావ అద్దంలో ఒకసారి పెళ్లాన్ని, ఒకసారి యజమానిని చూసి, ఏమీ ఎరగనట్టు కారును వంతెన వైపే తిప్పాడు. మేమూ వెనకాలే నడిచాం.

వంతెన మొదట్లో కారు ఆగింది. కౌన్సిలర్ గారు చెమట తుడుచుకుంటూ దిగి, డాక్టరు తనను రోజూ నడవమన్నాడని చెప్పారు. మంచిదే. కాకపోతే ఆయన నడిచింది వంతెన మీదికి కాదు, వెనక్కి.

అంతలో వచ్చిన బస్సుకు జనమే అడ్డం నిలబడి, లోపలున్న వాళ్లందరినీ దింపేశారు. బావ నోరు విప్పలేదు కాబట్టి ఉద్యోగమూ ఊడలేదు.

నా సిద్ధాంతం మాత్రం మారలేదండోయ్! నాయకులు ఎన్ని అబద్ధాలైనా చెప్పుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు. ఒక్కటే షరతు. చెప్పిన ప్రతి అబద్ధం మీదుగానూ, పెళ్లాంబిడ్డలతో సహా, మాకంటే ముందు వాళ్లు దాటాలి.