ఆర్లీన్ గారి ఆరోగ్యం పట్ల మా ఊరి ఆందోళన

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో డెవిన్ ప్రూట్ ఈ ఏడాది ఆడాలంటే, అతని నానమ్మ జబ్బుపడి ఉండటం తప్పనిసరి అని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఇది నా సొంత అభిప్రాయం కాదు, నిబంధన. అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని ఈ చిన్న కాలేజీలో పదిహేడేళ్లుగా నిబంధనల గుమాస్తాగా పనిచేస్తున్నాను. సొంత అభిప్రాయాలు ఎప్పుడో మానేశాను.

నిబంధన ఇదీ. ఆటగాడు రెండోసారి కాలేజీ మారితే ఏడాది పాటు ఆడకుండా బెంచీ మీద కూర్చోవాలి. చదువు మీద మనసు కుదరడానికట. డెవిన్ మారడం ఇది రెండోసారి, పైగా ఇదే ఆఖరి ఏడు. కూర్చున్నాడా, ఇక జన్మలో కాలేజీ ఆట ఆడలేడు. అలాగని కాలేజీల క్రీడా సంఘం వారు కఠినాత్ములేమీ కారు. దగ్గరి బంధువు ప్రాణాపాయంలో ఉండి, ఆ మంచానికీ మన బాస్కెట్‌బాల్ కోర్టు నడిమధ్యకూ వంద మైళ్లు దాటకపోతే మినహాయింపు ఇస్తారు. నూట ఒకటో మైలు నుంచి మమకారం చెల్లదు.

కోచ్‌లకు ఈ బాధ లేదు. మా కోచ్ హ్యాగర్టీ గారు నిరుడు పాత కాలేజీతో ఇంకా మూడేళ్ల ఒప్పందం ఉండగానే మంగళవారం సాయంత్రం రాజీనామా పడేసి, బుధవారం పొద్దున్నే మా దగ్గర ఈల ఊదారు. ఆయనకు చదువు మీద మనసు కుదరాల్సిన పని లేదు కదా.

డెవిన్ మాత్రం నానమ్మ కోసమే వచ్చాడు. తల్లీ తండ్రీ తానే అయి పెంచిన ఆర్లీన్ గారికి గుండె బలహీనపడిందని తెలిసి, ఎక్కడో దూరాన తిండి సహించక, ఆవిడకు వీలైనంత దగ్గరగా ఉందని మా కాలేజీలో చేరాడు. అతని మొహం చూస్తే నాకు జాలేసింది. జాలిని పక్కన పెట్టి దూరం కొలిచాను. నూట మూడు మైళ్లు.

ఊరు గొల్లుమంది. అభిమానుల సంఘం అధ్యక్షులు, ట్రాక్టర్ల దుకాణం యజమాని వెండెల్ క్రౌడర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. కోర్టునే మూడు మైళ్లు అటు జరిపితే పోలా అని ఒకాయన పటం కూడా గీసుకొచ్చాడు. బాగా చర్చించిన మీదట, ముసలావిడను జరపడమే తేలికని తేల్చారు. క్రౌడర్ గారు స్వయంగా బయల్దేరి వెళ్లారు.

"మా ఇంటి పక్క వాటా ఖాళీగానే ఉందండీ. మీకే లోటూ రానివ్వం," అన్నారు. "మీరు హాయిగా జబ్బుపడి ఉంటే చాలు. తక్కినదంతా మేం చూసుకుంటాం."

"డెబ్బై ఎనిమిదేళ్లకి నాకు చేతనైన ఉద్యోగం దొరికింది నాయనా," అంది ఆర్లీన్ గారు. "ఎప్పుడు చేరమంటావ్?"

చేరింది. ఊరి సేవాభావం కట్టలు తెంచుకుంది. పొద్దునొకరు చికెన్ నూడుల్స్, మధ్యాహ్నమొకరు సూపు. మా జట్టుకు వీరాభిమాని అయిన గుండె డాక్టరు గారు వారానికి రెండుసార్లు వచ్చి చూశారు. డెవిన్ రోజూ సాయంత్రం చెయ్యి పట్టుకుని ఆవిడను కోర్టు చుట్టూ నడిపించాడు. ఫలితంగా ఆరో వారంలో ఘోరం జరిగిపోయింది. క్రౌడర్ గారి భార్య కిటికీలోంచి చూసి కేక పెట్టింది.

"ఏమండీ, కొంప మునిగింది! ఆవిడ వాకిట్లో ఆకులు ఊడుస్తోంది!"

డాక్టరు గారు తన ప్రతిభకు తానే తల పట్టుకున్నారు. చిరునామా మారింది కనుక తాజా వైద్య పత్రం పంపమని క్రీడా సంఘం వారు అడిగితే, "వయసు డెబ్బై ఎనిమిది, ఏమైనా జరగవచ్చు" అని రాసిచ్చారు. అందులో అబద్ధం లేదు. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు కళ్లు మూసుకుని, "ప్రభూ, ఆటలు ముగిసే మార్చి ఆఖరు దాకా ఆ తల్లిని ఇప్పుడున్నట్టు కాక, మొన్నటిలాగా ఉంచు" అని వేడుకున్నారు. అందరం ఆమెన్ అన్నాం. సూపులు ఆగిపోయి, గుండెకు పడని ఉప్పు పంది మాంసం రావడం మొదలైంది. అది తిని క్రౌడర్ గారి కుక్క లావెక్కింది.

విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది. అటు క్రీడా సంఘం పెద్దలు ఐదుగురు. ఇటు డెవిన్, నేను, కోచ్ గారు.

"ఒరే డెవిన్, ఆవిడకి బాగోలేదని ఒక్క ముక్క అను, చాలు," అని కోచ్ గారు ముందే చెవిలో ఊదారు. "కన్నీళ్లొస్తే ఆపుకోకు."

సంఘం అధ్యక్షురాలు ఎంతో సానుభూతితో అడిగారు. "మీ నానమ్మగారికి ఎలా ఉంది బాబూ?"

డెవిన్ ఒకసారి కోచ్ గారి వంక చూశాడు. కానీ నానమ్మ మాట వినగానే వెధవ మొహం వెలిగిపోయింది. నాకప్పుడే అర్థమైపోయింది.

"చాలా బాగుందండీ! ఇవాళ నాతో పాటు రెండంతస్తులు ఎక్కేసింది. ఆయాసం నాకే వచ్చింది."

అధ్యక్షురాలు కళ్లు తుడుచుకుని, కాగితం తీసి చదివారు. "మీ నిజాయితీకి ఈ సంఘం శిరసు వంచుతోంది. మీవంటి యువకులే మన క్రీడకు వెన్నెముక. మినహాయింపు నిరాకరించడమైనది."

మరుసటి మంగళవారం కోచ్ హ్యాగర్టీ గారు రాజీనామా చేసి ఇంతకంటే పెద్ద కాలేజీకి వెళ్లారు. బుధవారం అక్కడ ఈల ఊదారు. ఆయన కాగితాలు నేనే పంపాను. అరపేజీ. బంధువుల ఆరోగ్యం గురించి అందులో గడి లేదు.

మొదటి ఆట రోజు హాలు కిక్కిరిసింది. డెవిన్ టై కట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. ఆర్లీన్ గారు ఎవరి సాయమూ లేకుండా, కనీసం కమ్మీ కూడా పట్టుకోకుండా, మెట్లెక్కి వచ్చింది. ఆరు వారాలు రోజుకు పదిసార్లు "ఎలా ఉందండీ" అని అడిగిన ఊరు ఒక్కసారిగా స్కోరు బోర్డు వంక తల తిప్పుకుంది. ఆవిడ నిలబడి అందరి వంకా ఒకసారి చూసింది.

"బతికిపోయానర్రా. ఏమీ అనుకోకండి."

క్రౌడర్ గారు టోపీ తీసి లేచారు.

"అయ్యో, అదేం మాటండీ ఆర్లీన్ గారూ! మీరు కావాలని చేసింది కాదుగా."

ఎంత పెద్ద మనసు! హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.