తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లే

మనిషి ఉద్యోగానికి పనికొస్తాడా లేదా అన్నది నలభై అయిదు రోజుల్లో తేలిపోతుందని ఉన్నత విద్యా సంస్కరణల ఉపసంఘం ఏకగ్రీవంగా తేల్చింది. (ఈ సంగతి తేల్చడానికి ఉపసంఘానికి తొమ్మిదేళ్లు పట్టింది.)

ఆ ప్రకారం డిగ్రీ ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకతె ఒక ఆఫీసు ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇంటర్న్‌షిప్‌కి చేరింది. వచ్చిన ఉత్తరాలకు నంబరు వేసి ముద్ర కొట్టే సెక్షన్ అది. నలభై అయిదో రోజు శుక్రవారం. ఆ సాయంత్రంలోగా ఇన్‌ఛార్జి సంతకంతో సర్టిఫికెట్ తేకపోతే శనివారం పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వరు. ఏడాది గంగలో కలుస్తుంది.

మొదటి నలభై రోజులూ ఆమె పని గమనించడం. గుమాస్తా పక్కన ఆమెకో కుర్చీ కేటాయించారు. కుర్చీ నిండా ఉత్తరాలు ఉండడంతో నిలబడి గమనించింది.

నలభై ఒకటో రోజు గుమాస్తా బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"టీ తాగొస్తా తల్లీ. జాగ్రత్త."

ఆయన టీ తాగుతుండగానే శిక్షణకు ఎంపికైనట్టు ఉత్తర్వు వచ్చింది. టీ కొట్టు నుంచి అటే వెళ్లాడు. శిక్షణ ఆరు నెలలు. అంశం: పని ఇతరులకు అప్పగించడం ఎలా? (మొదటి రోజే ఆయన అందరికంటే ముందున్నాడు.)

ముద్ర బీరువాలో ఉంటుంది. కనుక తాళంచెవి ఎవరి దగ్గరుంటే సెక్షన్‌కు ఇన్‌ఛార్జి వాళ్లే. అది నియమం. మధ్యాహ్నానికల్లా బల్ల మీద ఆమె హోదా రాసిన చెక్క పలక వెలిసింది. కుర్చీలో ఉత్తరాలూ తీసేశారు.

"ఇంకేం, నీ సర్టిఫికెట్ మీద నువ్వే సంతకం గీకెయ్" అంది అక్క ఫోన్లో.

"కుదరదక్కా. ఎవరికి వాళ్లు సంతకం పెట్టుకోకూడదట."

"ఎవరన్నారు?"

"ఇన్‌ఛార్జి."

"అంటే?"

"నేనే."

"ఆగు, అమ్మకిస్తున్నా. ఆవిడకి నువ్వే చెప్పుకో."

శుక్రవారం ఉదయం దేవుడు పంపినట్టు కొత్త ఇంటర్న్ దిగాడు. అతను సంచి కింద పెట్టకముందే ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"తమ్ముడూ, ఇప్పటినుంచి ఇన్‌ఛార్జివి నువ్వే. ఇక్కడో సంతకం పడెయ్. రేపు నాకు పరీక్ష."

అతను కుర్చీలో కూర్చున్నాడు. ఫారం తిరగేశాడు. ఫారం వెనక వైపు ఎవరూ చదవరు. (చదివినవాడు పైకొస్తాడు.)

"మేడమ్, ఇన్‌ఛార్జి అభ్యర్థిని నలభై అయిదు రోజులు స్వయంగా గమనించి ఉండాలటండి."

"అయితే?"

"నేనొచ్చి పది నిమిషాలైంది."

"నీ దుంపతెగ! నా ఏడాది పోతుందిరా!"

"గమనిస్తున్నానండి" అంటూ అతను రిజిస్టర్‌లో 'మొదటి రోజు' అని రాసుకున్నాడు.

"ముందా తాళంచెవి ఇటు తే!"

"అర్జీ రాసి ఇవ్వండి మేడమ్, నంబరు వేస్తాను."

శనివారం పరీక్ష జరిగింది. ఆమె బెంచీ ఖాళీగా ఉంది.

నెల తర్వాత కాలేజీ కొత్త బ్రోషర్ మీద ఆమె ఫోటో పడింది. కింద పెద్దక్షరాలు: 'చదువు పూర్తికాకముందే ఇన్‌ఛార్జి హోదా!' ఆమె వెళ్లి అభ్యంతరం చెప్పింది. ప్రిన్సిపాల్ విచారణ జరిపించి, ప్రకటనలో అబద్ధమేమీ లేదని తేల్చారు. చదువు ఇంకా పూర్తికాలేదు.