దృశ్యానికి టిక్కెట్టు ఇవ్వబడదు

భూమ్మీద మనుషులు రెండే రకాలు: రైలు కిటికీలోంచి చూసేవాళ్లు, రైలు కిటికీలోంచి కనపడేవాళ్లు. ఈ సంగతి దేవుడికి ముందునుంచీ తెలిసే ఉంటుంది గానీ, దానికి ఫారం అచ్చువేయించిన ఘనత మాత్రం సుందరయాత్రా సంస్థవారిదే.

ఈ సంస్థ కోనసీమకు 'కనువిందు' అనే అద్దాల రైలును మంజూరు చేసింది. పొద్దున్నే బయల్దేరి, వరిచేల మధ్య, కొబ్బరితోటల మధ్య పద్దెనిమిది కిలోమీటర్లు తాపీగా తిరిగి, సాయంత్రానికి ఎక్కినచోటే దింపేస్తుంది. (ఎక్కడికో చేరాలన్న యావ ఉంటే ప్రయాణికుడి చూపు దృశ్యం మీద నిలవదని సంస్థ నమ్మకం.)

మొదటిరోజు రైల్లోనే తల్లిని ఎక్కించాలని మెర్సీ పట్టుబట్టింది. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి మెర్సీ; కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతుంది. తల్లి ఎలీసమ్మ నలభై ఏళ్లు వరి ఊడుపులకు వెళ్లి ఆమెను చదివించింది. మోకాళ్లు అరిగిపోయి మూడేళ్లుగా ఇంటిపట్టునే ఉంటోంది. ఇంతవరకు రైలెక్కి ఎరగదు. ఆమె కోరిక కూడా మరీ పెద్దదేం కాదు.

"పదకొండో కిలోమీటరు కాడ మనం ఊడ్చిన చేను వత్తాదంట కదే. బురదలోంచి చూసేను, గట్టుమీంచి చూసేను. ఓపాలి కుర్చీలో కూకుని చూత్తాను," అంది.

మెర్సీ యాప్ తెరిచింది. పేరు, వయసు, ఆధార్, 'ప్రకృతిని చూసి ఆనందించగలనని హామీ ఇస్తున్నాను' అన్న గడిలో టిక్కు, అన్నీ శ్రద్ధగా నింపింది. మెర్సీకి టిక్కెట్టు వచ్చింది. ఎలీసమ్మకు ఎర్రక్షరాలు వచ్చాయి: 'ఈ ఆధార్ ఇప్పటికే దృశ్యంగా నమోదైంది. దృశ్యానికి టిక్కెట్టు ఇవ్వబడదు.'

తల్లీకూతుళ్లు కొత్తపేట ఆఫీసుకెళ్లారు. అక్కడి దృశ్య సమన్వయాధికారి రాజేంద్రప్రసాద్ గారు మహా మర్యాదస్తుడు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆయన ఎవరికీ 'కాదు' అని చెప్పలేదు. 'ఆయ్' అంటారు. పని కాదు.

"ఆయ్, రండమ్మా, కూర్చోండి. కొబ్బరినీళ్లు చెప్పమంటారా?"

"మా అమ్మ దృశ్యం ఎలా అయ్యిందండీ?" అని అడిగింది మెర్సీ.

ఆయన కంప్యూటరు ఇటు తిప్పారు. తెరమీద చేలో నడుం వంచి, నారుకట్ట పట్టుకుని ఎలీసమ్మ. కింద: 'పదకొండో కిలోమీటరు, ఎడమవైపు. నాట్లు వేయు వృద్ధురాలు. శ్రేణి మూడు.' (శ్రేణి ఒకటి కొబ్బరిచెట్టు. శ్రేణి రెండు గేదె.)

"ఓరి ఆడి దుంపతెగ!" అంది ఎలీసమ్మ. "ఎవడో ట్యాబు పట్టుకొచ్చి, నన్ను చేలోకి దింపి, నారుకట్ట చేతికిచ్చి, ఓపాలి వంగమ్మా అన్నాడు. మోకాళ్ల పింఛనేమో అనుకుని వంగేను. ఏలుముద్ర కూడా ఏసేను."

(ట్యాబుతో వచ్చినవాడికి వేలిముద్ర వేయని మనిషి జిల్లాలో ఇంకా దొరకాల్సి ఉంది.)

"ఆ పేరు తీసెయ్యొచ్చు కదండీ?"

"ఆయ్, దానికేముందమ్మా! నిబంధన పద్నాలుగు. సోయగం లేదని ధ్రువపత్రం కావాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలండి. ఊళ్లోవాళ్లే ఉండాలి. రోజూ చూసేవాళ్లు కదా."

పక్కింటి రూతు, పెన్ను చేతికిచ్చేలోపే సంతకానికి సిద్ధమైపోయింది. "నలభై ఏళ్లనించి నేను చెప్పేదదే కదొదినా. ఇప్పటికి గవర్నమెంటోళ్లు అడిగేరు." రూతు భర్త సుభాష్ మాత్రం, "మరీ అంత లేదనలేం కదా," అని నసిగి, పెళ్లాం చూసిన చూపుకి గబగబా సంతకం చేశాడు. ఎలీసమ్మ రెండు రోజులు రూతుతో మాట్లాడలేదు. కానీ టిక్కెట్టు వచ్చింది. కిటికీ పక్కన, ఎడమవైపు.

ప్రయాణంరోజు రాజేంద్రప్రసాద్ గారే మైకు పట్టుకున్నారు. పదకొండో కిలోమీటరు దగ్గర రైలు నెమ్మదించింది. "ఇప్పుడు ఎడమవైపు చూడండి. నాట్లు వేయు వృద్ధురాలు!"

పెట్టెలోని ఫోన్లన్నీ ఎడమవైపు తిరిగాయి. చేను ఉంది. నారుకట్టలు ఉన్నాయి. వృద్ధురాలు లేదు.

"ఏదండీ? బొమ్మలో ఉంది కదా!" అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన. రైలుకు వచ్చిన స్టార్లు యాప్‌లో ఒక్కొక్కటే రాలిపోసాగాయి. రైలు ఆగింది. రాజేంద్రప్రసాద్ గారు చేతులు జోడించుకుని కిటికీ సీటు దగ్గరికొచ్చారు.

"ఎలీసమ్మగారూ, మరోలా అనుకోకండి. ఒక్క ఐదు నిమిషాలు దిగి, అలా వంగితే..."

తన పేరు చివర 'గారు' తగలడం ఎలీసమ్మకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"మళ్లీ ఎక్కించుకుంటారాండీ?" అంది మెర్సీ.

"ఆయ్... మధ్యలో ఎక్కించుకోడానికి నిబంధన ఒప్పదమ్మా."

"మరి దింపడానికో?"

"దింపడానికి అభ్యంతరం ఏమీ లేదండి."

మెర్సీ లేచి నిలబడింది. ఎలీసమ్మ ఆమె చెయ్యిపట్టి కూర్చోబెట్టి, సంచిలోంచి ధ్రువపత్రం తీసింది.

"నేను బాగోనని తమరే కదా ముద్రేసిచ్చేరు బాబుగారూ. బాగోనిదాన్ని దింపి ఈల్లకేం చూపిత్తారు? తమరైతే నున్నగా ఉన్నారు. దిగండి."

"ఎవరైనా పర్లేదు, తొందరగా కానివ్వండి," అన్నాడు హైదరాబాదు ఆయన.

రాజేంద్రప్రసాద్ గారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, చేలో దిగి, నారుకట్ట అందుకుని వంగారు. ఫోన్లు టకటకలాడాయి. రాలిన స్టార్లు తిరిగొచ్చాయి. రైలు కదిలింది. (నిబంధన ఆయనకూ ఒకటే.)

చేను దాటేదాకా ఎలీసమ్మ అద్దానికి మొహం ఆనించి చూసింది.

"మెర్సీ."

"ఏంటమ్మా?"

"వంగినోళ్ల మొకం ఈడనించి కనపడదే."

ఇంతలో మెర్సీ ఫోన్ మోగింది: 'దృశ్యం ఎలా ఉంది? ఎన్ని స్టార్లు ఇస్తారు?'

"ఒకటియ్యి," అంది ఎలీసమ్మ. "మొక్కలు వంకరగా ఏత్తన్నాడు."

మిగతావాళ్లంతా ఐదేసి ఇచ్చారు. దాంతో కంప్యూటరు రాజేంద్రప్రసాద్ గారిని శ్రేణి మూడులో నమోదు చేసుకుంది. మర్నాటినుంచి హాజరు యాప్ ఆయన మొహాన్ని ఆఫీసులో గుర్తుపట్టడం మానేసింది. చేలో మాత్రం హాజరు పడుతోంది.

వారం తిరక్కుండా ఆయన ఫారం పట్టుకుని ఎలీసమ్మ గుమ్మంలోకి వచ్చారు. సోయగం లేదని ఇద్దరు సాక్షులు కావాలి. ఒక సంతకం ఆయనింట్లోనే దొరికిందట.

ఎలీసమ్మ కుర్చీ వేసింది. కొబ్బరినీళ్లు ఇచ్చింది.

"ఆయ్, దానికేముందండీ!" అంది. "కానీ ఇంత మర్యాదస్తులు, తమరు బాగోరని ఏలుముద్ర ఎలా ఏసేదండీ? పాపం తగులుద్ది."

తొలిపంట సార్వా నాట్లు ఇంకా పదిహేను రోజులున్నాయి. ఆ తరవాత కోతలు. వాటికీ వంగాలి.