కిందికి దిగే గీతే కావాలి!

అంటురోగం రావడం కన్నా దాని గ్రాఫు రావడం ఎంతో ఆరోగ్యకరమని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! రోగమొస్తే మనం మంచమెక్కుతాం. గ్రాఫొస్తే అధికారులు వేదికెక్కుతారు. ఏది శోభగా ఉంటుంది, మీరే చెప్పండి!

నా మరదలు ఆరోగ్యశాఖలో లెక్కల మనిషి. రోగం ఎవరి నుంచి ఎవరికి పాకుతుందో, ఏం చేస్తే ఆగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి ముందే చెప్పడం ఆమె పని. మొన్నామధ్య పిల్లలకు తట్టు మొదలైంది. మరదలు రెండు గీతలు గీసింది. వెంటనే టీకాలు వేస్తే, ఒకటి కిందికి దిగుతుంది. వేయకపోతే, రెండోది నిచ్చెన అక్కర్లేకుండానే అటకెక్కుతుంది.

పెద్దాఫీసరుగారు మెడ వంచి రెండూ చూశారు.

"ఈ దిగేది ముచ్చటగా ఉందమ్మా. పేపర్లకు ఇదే ఇద్దాం."

"సార్, అది టీకాలు వేస్తేనే..."

"టీకాల సంగతి తర్వాత చూద్దాం. జనం హడలిపోతున్నారు. ముందు గీత వేయించు!"

ఆహా, ఏం మనసండీ! టీకా అంటే సూది, సూదంటే ఏడుపు. గీత ఎవరికైనా గుచ్చుకుంటుందా?

మర్నాడు 'తట్టు తగ్గుముఖం' అని పేపర్లో చదివి మా వీధంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. దాంతోపాటే తట్టునూ పీల్చుకుంది! మా ఆవిడ చంటిదాన్నెత్తుకుని టీకాకి వెళ్తే, "తగ్గిపోతోందిగా, పేపరు చూళ్లేదా?" అని తిప్పి పంపారు.

వారం తిరక్కుండానే చంటిదాని ఒళ్లు పెనంలా కాలింది. కళ్లు తెరవలేక ఏడుస్తూంటే ఆస్పత్రికి పరుగెత్తాం. అక్కడ మంచానికి ఇద్దరేసి పిల్లలు!

"లెక్క తప్పింది" అని ప్రకటించి, ఆఫీసరుగారు మరదలికి మెమో ఇచ్చారు. ఆమె వార్డుకొచ్చి, మంచాల వంక చూసి కళ్లు తుడుచుకుంది.

"నా లెక్క తప్పలేదు బావా. రెండో గీత నేను గీసినట్టే ఎక్కుతోంది. తప్పినా బాగుండేది."

మా చంటిదానికి జ్వరం దిగింది. పక్క మంచం పిల్లకు దిగలేదు. వాళ్లమ్మ ఉత్త చేతులతో ఇంటికెళ్లింది.

మరదలి గోడు విన్న నర్సమ్మ మెల్లగా అంది: "ఆయనకు మీ లెక్క మీద నమ్మకం లేదని ఎవరన్నారమ్మా? మీరు గీతలు చూపించిన సాయంత్రమే మనవణ్ణి తెచ్చి, నా చేత టీకా వేయించుకెళ్లారు!"

విన్నారా? గణితాన్ని ఇంతగా నమ్మే అధికారి దొరకడం మన అదృష్టం కాదూ! ఆ నమ్మకం ఆయన గడప దాటి రాలేదంతే. గడపలు దాటడం తట్టుకే తెలుసు.